అమెరికా చిన్న ఊళ్ల బ్యాంకులు వేసిన పాత నోట్లు: ఎంచుకోవడం, సరిచూడడం, దాచడం ఎలా?

"గరాజ్ సేల్‌లో ఒక పది డాలర్ల నోటు దొరికింది. గోధుమరంగు సీల్ ఉంది, పైన ఏదో ఊరి బ్యాంకు పేరు ఉంది. అసలుదేనా? ఎంత వస్తుంది?" అమెరికాలో ఉంటున్న మనవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది. ఇక్కడ నాణేలు, నోట్లు సేకరించేవాళ్లు మరో ప్రశ్న వేస్తారు: "ఆ నోట్లు సేకరించాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?" రెండింటికీ ఒకే దారిలో వెళ్తే జవాబు దొరుకుతుంది. ఈ నోట్లలో విలువ అంకెలో ఉండదు, వయసులోనూ పెద్దగా ఉండదు. ఊరిలో, బ్యాంకులో ఉంటుంది. అందుకే ముందు బ్యాంకు, తర్వాతే నోటు.

చరిత్ర ఎంత కావాలో అంతే చెబుతాను. 1863లో అమెరికా కాంగ్రెస్ నేషనల్ బ్యాంక్ చట్టం చేసింది. దాని ప్రకారం చార్టర్ (బ్యాంకు నడపడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి పత్రం) తీసుకున్న బ్యాంకు ప్రభుత్వ బాండ్లు కొని ట్రెజరీ దగ్గర ఉంచాలి. ఆ బాండ్ల పూచీ మీద తన పేరుతో నోట్లు చలామణిలో పెట్టుకోవచ్చు. మొదట్లో బాండ్ల విలువలో 90 శాతం వరకే నోట్లు వేయనిచ్చేవాళ్లు, 1900 నుంచి 100 శాతం. అదే 1900 చట్టం మూడు వేల లోపు జనాభా ఉన్న ఊళ్లలో బ్యాంకు పెట్టడానికి కావాల్సిన కనీస మూలధనాన్ని 50,000 డాలర్ల నుంచి 25,000కు తగ్గించింది. దాంతో పొలాల మధ్య ఉన్న పల్లెటూళ్లలోనూ నేషనల్ బ్యాంకులు పుట్టుకొచ్చాయి. మనం వెతికే చిన్న ఊళ్ల నోట్లలో చాలా భాగం ఆ పుణ్యమే. 1935లో బాండ్లు వెనక్కి తీసుకోవడంతో ఈ నోట్ల కథ ముగిసింది. మొత్తం 14 వేలకు పైగా చార్టర్లు ఇచ్చారు. వాటిలో 12 వేలకు పైగా బ్యాంకులు నోట్లు వేశాయి.

ఒక అపోహ ఇక్కడే తీర్చుకుందాం. బ్యాంకు దివాలా తీస్తే దాని నోటు చిత్తుకాగితం అయిపోదు. పూచీ ట్రెజరీ దగ్గరున్న బాండ్లది. ఈ రోజుకూ ఆ నోటు ముఖ విలువకు చెల్లుతుంది. పది డాలర్ల నోటుకు పది డాలర్లు పుచ్చుకునే అమాయకులు ఎవరైనా ఉంటే అది వేరే మాట.

ఏమేం కావాలి

- పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం. నగల షాపువాళ్లు వాడే లూప్ అయితే చాలు.
- యూవీ టార్చి. నకిలీ నోట్లు చూడడానికి దుకాణాల్లో వాడే రకమే.
- మిల్లీమీటర్లు స్పష్టంగా ఉన్న స్కేలు.
- మైలార్ కవర్లు. దీని సంగతి కింద వివరంగా ఉంది, దొరికిన ప్లాస్టిక్ కవరు వద్దు.
- ఒక నోట్‌బుక్ లేదా ఎక్సెల్ షీటు.
- వేలం సంస్థల పాత ఫలితాలు చూసుకోవడానికి ఉచిత ఖాతా. హెరిటేజ్, స్టాక్స్ బవర్స్ లాంటి సంస్థలు పాత అమ్మకాలను ఫొటోలతో సహా ఉంచుతాయి.

చేతి గ్లవ్స్ జాబితాలో లేవు. గుడ్డ గ్లవ్స్ వేసుకుంటే కాగితం అంచు వేళ్లకు తెలియదు, మూల విరిగేది అప్పుడే. చేతులు కడుక్కుని, బాగా ఆరాక, అంచులు పట్టుకోండి.

1. ముందు ఊరు ఎంచుకోండి

"మంచి నోటు దొరికితే కొందాం" అని బయల్దేరితే ఏడాది తిరిగేసరికి ఒకదానికొకటి సంబంధం లేని నోట్లు పోగవుతాయి. ఒక గీత గీసుకోండి. మీరుంటున్న కౌంటీ, చదువుకున్న ఊరు, ఒక రైలు మార్గం మీది ఊళ్లు, ఒకే రాష్ట్రం, ఏదైనా సరే.

డాలస్ చుట్టుపక్కల ఉంటే మెకిన్నీ చూడండి. అక్కడి కాలిన్ కౌంటీ నేషనల్ బ్యాంక్ నోట్లు వేసింది. షికాగో వైపు ఉంటే నేపర్‌విల్ ఉంది. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉండేవాళ్లు మాత్రం ఎడిసన్ పేరుతో నోటు వెతికి విసిగిపోవద్దు. 1954 వరకు ఆ ఊరి పేరు రారిటన్ టౌన్‌షిప్. నోట్లు ఆగిపోయిన ఇరవై ఏళ్లకు ఎడిసన్ అయింది. పక్కనున్న న్యూ బ్రన్స్‌విక్ పేరుతో వెతకండి. కాలిఫోర్నియాలో కూపర్టీనో వాళ్లకూ ఇదే సమస్య, అది మున్సిపాలిటీ అయిందే 1955లో. అక్కడివాళ్లు శాన్ హోజే పేరుతో వెతుక్కోవాలి. కాబట్టి ఊరు ఎంచుకునే ముందు 1863 నుంచి 1935 మధ్య దాని పేరేమిటో చూసుకోండి.

బడ్జెట్ తక్కువైతే పెన్సిల్వేనియా మంచి రాష్ట్రం. నోట్లు వేసిన బ్యాంకులు అన్నిటికంటే ఎక్కువ అక్కడే, అందుకే నోట్లూ ఎక్కువ దొరుకుతాయి. నెవాడా, ఆరిజోనా, వయోమింగ్, అలాస్కా జోలికి మొదట్లోనే వెళ్లకండి. నెవాడా తప్ప మిగతా చోట్ల, రాష్ట్రం కాకముందు, ఇంకా టెరిటరీగా ఉన్న రోజుల్లో అక్కడి బ్యాంకులు వేసిన నోట్లయితే ధర వేరే లోకంలో ఉంటుంది.

2. నోటు ఏ రకమో తేల్చుకోండి

తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

స్కేలు తీయండి. పొడవు సుమారు 187 మిల్లీమీటర్లు, వెడల్పు 79 ఉంటే అది పెద్ద సైజు నోటు, 1929కి ముందుది. 156, 66 ఉంటే చిన్న సైజు, 1929 సిరీస్. ఇప్పటి డాలరు నోటు కూడా ఇదే కొలత.

చిన్న సైజు నోటు అయితే సీల్, సీరియల్ నంబర్లు గోధుమరంగులో ఉంటాయి. బ్యాంకు పేరు, ఊరు, రాష్ట్రం, ప్రెసిడెంట్, కేషియర్ సంతకాలు నల్ల ఇంకుతో పైన అచ్చు వేసినవి. ఇందులో రెండు టైపులున్నాయి.

టైప్ 1 నోటు మీద చార్టర్ నంబర్ నల్లగా, నిలువుగా, రెండు చోట్ల ఉంటుంది. సీరియల్ నంబర్‌కు ముందూ వెనకా అక్షరం ఉంటుంది, ఏ000123ఏ లాగా. ఒక షీటుకు ఆరు నోట్లు. ఆ ఆరింటికీ ఒకే అంకె, ముందున్న అక్షరం మాత్రమే ఏ నుంచి ఎఫ్ దాకా మారుతుంది. టైప్ 2 మీద నల్లటి చార్టర్ నంబర్లకు తోడు ఇంకో రెండు గోధుమరంగులో, సీరియల్ నంబర్ వరసలోనే ఉంటాయి. సీరియల్‌కు ముందు మాత్రమే అక్షరం ఉంటుంది, వెనక ఉండదు. షీటులోని నోట్లకు వరుస అంకెలు. టైప్ 2 వచ్చింది 1933లో, వేసింది రెండేళ్లే. అందుకే చాలా బ్యాంకుల విషయంలో అదే తక్కువగా దొరుకుతుంది.

ఒకటో నంబర్ నోటు కోసం ఎగబడే ముందు ఈ తేడా గుర్తుంచుకోండి. టైప్ 1లో ఒక బ్యాంకుకు, ఒక విలువకు ఒకటో నంబర్ నోట్లు ఆరు ఉంటాయి. టైప్ 2లో ఒక్కటే.

పెద్ద సైజు నోటు అయితే ముందు వెనకవైపు తిప్పండి. గోధుమరంగు వెనకభాగం మధ్యలో చార్టర్ నంబర్ నీలం కలిసిన ఆకుపచ్చలో పెద్దగా కనిపిస్తే అది 1882 సిరీస్ బ్రౌన్ బ్యాక్. చూడ్డానికి వీటిని మించినవి లేవని నా అభిప్రాయం, ధర కూడా అలాగే ఉంటుంది. 1902 సిరీస్‌లో ఎర్ర సీల్ ఉన్నవి తొలి ఆరేళ్లలో వేసినవి, తక్కువ దొరుకుతాయి. నీలం సీల్ ఉండి వెనక 1902–1908 అని ఉంటే డేట్ బ్యాక్, ఏమీ లేకపోతే ప్లెయిన్ బ్యాక్. కొత్తవాళ్లకు ప్లెయిన్ బ్యాక్ చాలు, అన్నిటికంటే చవగ్గా దొరికే పెద్ద నోటు అదే. తొలి రోజుల్లో (దీన్ని మొదటి చార్టర్ కాలం అంటారు) ఒకటి, రెండు డాలర్ల నోట్లు కూడా వేశారు. రెండు డాలర్ల నోటు మీద 2 అంకె పక్కకు పడుకుని ఉంటుంది. దానికి లేజీ డ్యూస్ అని పేరు పెట్టారు. మొదటి కొనుగోలుకు అది మంచి ఎంపిక కాదు.

ఇక మోసపోయే చోట్లు మూడు.

మొదటిది ఫెడరల్ రిజర్వ్ బ్యాంక్ నోటు, 1929 సిరీస్. దీనికీ గోధుమరంగు సీలే, దీని మీదా నేషనల్ కరెన్సీ అనే ఉంటుంది. కానీ చార్టర్ నంబర్ ఉండదు, దాని బదులు ఏ నుంచి ఎల్ వరకు ఒక నల్ల అక్షరం ఉంటుంది. బ్యాంకు పేరు ఫెడరల్ రిజర్వ్ బ్యాంక్ ఆఫ్ షికాగో, ఆఫ్ డాలస్, ఇలా పన్నెండు నగరాల్లో ఒకటి. ఇది చెడ్డ నోటేమీ కాదు, చిన్న ఊరి నోటు మాత్రం కాదు. గరాజ్ సేల్‌లో దొరికిన గోధుమ సీల్ నోటు చాలాసార్లు ఇదే అయి కూర్చుంటుంది.

రెండోది 1863కు ముందు రాష్ట్రాల అనుమతితో ఎక్కడికక్కడ బ్యాంకులు వేసుకున్న నోట్లు. వీటిని అబ్సొలీట్ నోట్లు అంటారు. చాలావాటికి వెనకవైపు ఖాళీ. చార్టర్ నంబర్ ఉండదు. న్యూ ఆర్లీన్స్ కెనాల్ బ్యాంక్ నోట్లలో సంతకం చేయకుండా మిగిలిపోయినవి పెళపెళలాడుతూ ఇప్పటికీ బోలెడు దొరుకుతాయి. 150 ఏళ్లు దాటిన నోటు అని చెప్పి వాటికి లేని ధర చెబుతారు.

మూడోది పచ్చి నకలు. పసుపుపచ్చగా, అప్పడంలా పెళుసుగా ఉండే కాగితం మీద వేసిన బ్యాంక్ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్ వెయ్యి డాలర్ల నోటు, 1840 నాటిది, సీరియల్ నంబర్ 8894. ఆ నంబర్ కనిపిస్తే ఇంకేమీ చూడనక్కర్లేదు. లక్షల్లో వేసిన బొమ్మ నోటు అది. చాలా కుటుంబాల్లో తాతగారి ఆస్తిగా దాచుకున్నారు పాపం.

3. చార్టర్ నంబర్‌తో బ్యాంకును పట్టుకోండి

ఫస్ట్ నేషనల్ బ్యాంక్ అనే పేరు వేల ఊళ్లలో ఉంది. ఒకే ఊరి పేరు పది రాష్ట్రాల్లో ఉంటుంది. చార్టర్ నంబర్ మాత్రం బ్యాంకుకు ఒకటే. ఒకటో నంబర్ ఫిలడెల్ఫియా ఫస్ట్ నేషనల్‌ది. ముందుగా తలుపులు తెరిచిన అయోవాలోని డావెన్‌పోర్ట్ ఫస్ట్ నేషనల్‌ది 15.

సొసైటీ ఆఫ్ పేపర్ మనీ కలెక్టర్స్ నడిపే బ్యాంక్ నోట్ హిస్టరీ వికీలో ఆ నంబర్ వేయండి. బ్యాంకు ఎప్పుడు పుట్టింది, ఎప్పుడు మూతపడింది, ఏ సిరీస్‌లు వేసింది, ఎంత విలువకు వేసింది, ప్రెసిడెంట్, కేషియర్ ఎవరు అన్నీ వస్తాయి. ఇప్పుడు మీ నోటుతో ఒక్కొక్కటీ సరిపోల్చండి:

- నంబర్, బ్యాంకు పేరు, ఊరు, రాష్ట్రం నాలుగూ కలుస్తున్నాయా?
- ఆ బ్యాంకు ఈ సిరీస్‌ను, ఈ విలువను అసలు వేసిందా? 1926లో మూతపడ్డ బ్యాంకు పేరుతో 1929 నోటు ఉంటే అంతే సంగతులు, పక్కన పెట్టేయండి.
- సంతకం చేసినవాళ్లు ఆ కాలంలో ఆ పదవిలో ఉన్నారా?
- సీరియల్ నంబర్ ఆ బ్యాంకు వేసిన చివరి నంబర్ లోపే ఉందా?

పేరు మారి నంబర్ అదే ఉండడం మామూలే. హొనొలులులో 5550 నంబర్ బ్యాంకు మొదట ఫస్ట్ నేషనల్ బ్యాంక్ ఆఫ్ హవాయి ఎట్ హొనొలులు, తర్వాత బిషప్ ఫస్ట్ నేషనల్ బ్యాంక్ ఆఫ్ హొనొలులు. పేరు కలవలేదని తొందరపడి నకిలీ అనుకోకండి, పాత పేర్లు కూడా చూడండి.

పెద్ద నోటు మీదున్న తేదీ దగ్గర చాలామంది పొరబడతారు. అది అచ్చు వేసిన తేదీ కాదు. ఆ బ్యాంకు చార్టర్‌కు సంబంధించిన తేదీ. 1905 అని రాసున్న 1902 సిరీస్ నోటు 1926లో అచ్చయి ఉండొచ్చు. "నూట ఇరవై ఏళ్ల నోటండీ" అని అమ్మేవాడు చెబితే నవ్వి ఊరుకోండి, బేరానికి పనికొస్తుంది. పెద్ద నోట్ల మీద రెండు నంబర్లు వేరువేరుగా ఉన్నా కంగారు అక్కర్లేదు. ఒకటి ట్రెజరీది, ఇంకోటి బ్యాంకుది. 1925లో ట్రెజరీ నంబర్ మానేశారు, అప్పటి నుంచి రెండు చోట్లా బ్యాంకు నంబరే.

4. ఎన్ని మిగిలాయో చూడండి

నేషనల్ కరెన్సీ ఫౌండేషన్ సెన్సస్‌లో ఇప్పటివరకు బయటపడిన నోట్ల లెక్క బ్యాంకులవారీగా ఉంటుంది. మీ బ్యాంకువి పెద్దవి ఎన్ని, చిన్నవి ఎన్ని, ఏ సీరియల్ నంబర్లు కనిపించాయి అన్నది చూడండి. మీ నోటు నంబర్ ఇప్పటికే అందులో ఉంటే మంచిదే, దాని పాత ఫొటో ఎక్కడైనా దొరకొచ్చు. అప్పటి మచ్చలు, మడతలు ఇప్పుడు లేకపోతే మధ్యలో ఎవరో కడిగారని అర్థం.

లెక్క తక్కువగా ఉంది కదా అని ధర ఆకాశంలో ఉంటుందనుకోవద్దు. ఆరే నోట్లు మిగిలిన బ్యాంకుకు కొనేవాళ్లు ఇద్దరే ఉంటే ధర లేవదు. అరవై మిగిలినా, ఆ ఊరి నోటు కోసం నలభై మంది కాచుకుని ఉంటే లేస్తుంది. ఇంకో మాట: సెన్సస్ అంటే బయటపడినవి మాత్రమే. ఏ పాత ఇంటి పెట్టెలోనో కట్ట దొరికితే రాత్రికి రాత్రి లెక్క మారుతుంది.

విలువల విషయంలో ఒక చిన్న కిటుకు. 1902 నోట్లను చాలా బ్యాంకులకు నాలుగేసి నోట్ల షీట్లుగా ఇచ్చారు, మూడు పదులు, ఒక ఇరవై. అలాంటి బ్యాంకు నుంచి ఇరవై డాలర్ల నోటు ఒకటి వస్తే పదులు మూడు వచ్చాయన్నమాట. అయినా ధరలో ఆ మూడింతల తేడా కనిపించదు. రెండూ ఒకే ధరకు ఉంటే నేనైతే ఇరవై తీసుకుంటాను.

5. ధర తేల్చుకోండి

అడిగే ధరలు చూడకండి, అమ్ముడైన ధరలు చూడండి. ఈబేలో అమ్ముడైనవి మాత్రమే చూపమని ఫిల్టర్ పెట్టుకోవచ్చు. వేలం సంస్థల పాత ఫలితాల్లో చార్టర్ నంబర్‌తో వెతకండి. అదే బ్యాంకు దొరక్కపోతే అదే కౌంటీ, అదే సిరీస్ చూడండి. జాబితాల్లో ఎఫ్‌ఆర్ అని ఒక నంబర్ ఉంటుంది, అది ఫ్రీడ్‌బర్గ్ కేటలాగ్ నంబర్. 1929 పది డాలర్లకు టైప్ 1 అయితే 1801-1, టైప్ 2 అయితే 1801-2. ఇది రకాన్ని మాత్రమే చెబుతుంది. కొందరు ఈ నంబర్ పక్కనున్న ధర చూసి కొనేస్తారు. ఏ బ్యాంకో తెలియకుండా ఆ ధరకు అర్థం లేదు.

ఎక్కువగా దొరికే బ్యాంకుల 1929 నోట్లు బాగా వాడినవైతే సుమారు 60 నుంచి 100 డాలర్ల మధ్య వస్తుంటాయి. అరుదైన బ్యాంకులవి వేలల్లోకి వెళ్తాయి. వేలంలో మీరు వేసిన బిడ్డే చివరి లెక్క కాదు. 200 డాలర్లకు గెలిస్తే, కొనుగోలుదారు కమీషన్ 20 శాతమైతే 240. దాని మీద పోస్టేజీ, కొన్ని రాష్ట్రాల్లో సేల్స్ టాక్స్. బిడ్ వేసే ముందే ఇవన్నీ కలుపుకుని పై గీత రాసి పెట్టుకోండి. ఆఖరి నిమిషంలో టెన్షన్‌లో వేసే బిడ్లే జేబు ఖాళీ చేసేది.

6. కొనండి, కానీ తిరిగిచ్చే వీలుండాలి

మొదటి రెండు మూడు నోట్లు గ్రేడింగ్ అయినవే కొనండి. పీఎంజీ, పీసీజీఎస్ బ్యాంక్‌నోట్ అనే సంస్థలు నోటును పరీక్షించి, 70 పాయింట్ల కొలమానం మీద గ్రేడు వేసి, ప్లాస్టిక్ హోల్డర్లో సీలు చేసి ఇస్తాయి. 12, 15 అంటే ఫైన్, 20 నుంచి 35 వెరీ ఫైన్, 60, ఆపైన అయితే వాడనిది (అన్‌సర్క్యులేటెడ్). పీఎంజీ లేబుల్ మీద ఈపీక్యూ, పీసీజీఎస్ దాని మీద పీపీక్యూ అని ఉంటే కాగితం సహజంగా ఉందని అర్థం. లేబుల్ కింద చిన్న అక్షరాల్లో మరమ్మతులు, చిరుగులు, సూదిబెజ్జాలు రాసి ఉంటాయి. కొన్నిసార్లు అది లేబుల్ వెనకవైపు ఉంటుంది. అమ్మేవాడు ముందువైపు ఫొటో మాత్రమే పెడితే వెనకవైపుది అడిగి తెప్పించుకోండి. లేబుల్ మీది నంబర్‌ను ఆ సంస్థ సైట్‌లో వేసి నోటు అదేనో కాదో చూడండి.

అన్‌సర్క్యులేటెడ్ గ్రేడు కోసం పంతం పట్టకండి. ఈ నోట్లు దాచుకోవడానికి వేసినవి కావు, ధాన్యం కొట్ల దగ్గర, బట్టల షాపుల్లో చేతులు మారినవి. చిన్న ఊరి నోటు 15, 20 గ్రేడులో దొరికితే అదే సంతోషం. వంద డాలర్లు కూడా చేయని నోటును గ్రేడింగ్‌కు పంపడం దండగ. ఫీజు, రానుపోను పోస్టేజీ కలిసి నోటు ధరను తినేస్తాయి.

నేరుగా చూసి కొనాలంటే కాయిన్ షోలకు వెళ్లండి. ఫ్లోరిడాలో జనవరిలో జరిగే ఫన్ షో పెద్దది. కానీ మీ కౌంటీలో జరిగే చిన్న షోలోనే మీ ఊరి నోటు దొరికే అవకాశం ఎక్కువ. డీలర్‌కు మీకు ఏ ఊరు కావాలో చెప్పి మీ ఫోన్ నంబర్ ఇచ్చి రండి.

ఇండియా నుంచి కొనేవాళ్లు నోటును పోస్టులో నేరుగా తెప్పించుకునే ముందు కస్టమ్స్, విదేశీ కరెన్సీ నిబంధనలు కనుక్కోండి. ఇవి సాంకేతికంగా ఇప్పటికీ చెల్లుబాటయ్యే డాలర్లే. చాలామంది అమెరికాలో ఉన్న అక్కయ్య, బావగార్ల అడ్రసుకే తెప్పించుకుని అక్కడే ఉంచుతారు.

డబ్బులు సరిపోకపోతే ఇంకో దారి ఉంది. అదే బ్యాంకు పేరున్న పాత చెక్కులు, ఆ బ్యాంకు భవనం బొమ్మ ఉన్న పోస్టుకార్డులు నోటు ధరలో చిన్న వంతుకే దొరుకుతాయి. కేషియర్ సంతకం చెక్కు మీదా ఉంటుంది. నోటు వచ్చేదాకా ఆల్బమ్‌లో ఆ పేజీ ఖాళీగా ఉండదు.

7. చేతికి రాగానే పరీక్షించండి

తిరిగిచ్చే గడువు చూసుకుని, వచ్చిన రోజే కూర్చోండి. పగటి వెలుతురు బాగుంటుంది.

ముందు కొలత. చిన్న నోటు 66 మిల్లీమీటర్లకు బాగా తగ్గితే చిరిగిన అంచులు కనపడకుండా ఎవరో కత్తిరించి ఉంటారు. పెద్ద నోట్లలో మాత్రం అంచులు వంకరగా ఉండడం తప్పు కాదు. షీట్లు బ్యాంకుకు వచ్చేవి, సంతకాలయ్యాక అక్కడే కత్తెరతో కత్తిరించేవాళ్లు. పై నోటు కేషియర్ సంతకం తోక కింది నోటు అంచులో కనిపిస్తే ఎగిరి గంతేయండి, అంత సహజమైన గుర్తు ఇంకోటి లేదు.

తర్వాత లూప్. బొమ్మలోని కోటు, జుట్టు దగ్గర గీతలు తెగకుండా, పదునుగా ఉండాలి. అవి చెక్కిన పలకతో వేసినవి, గీతలు కాగితం మీద కొంచెం ఉబ్బుగా ఉంటాయి. గీతల బదులు రంగు చుక్కలు కనిపిస్తే అది ప్రింటర్ పని. 1929 నోటులో బ్యాంకు పేరు, ఊరు వేసిన నల్ల ఇంకును విడిగా చూడండి. మిగతా నోటంతా అసలుదే అయి, ఈ నల్ల అక్షరాల అంచుల్లో ఇంకు చిమ్మినట్టు చుక్కలుంటే, లేదా వాటి కింద కాగితం గీకినట్టు పలచగా ఉంటే ఎవరో ఊరు మార్చారు. మడత గీత అక్షరాన్ని దాటే చోట చూస్తే ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. అసలు ఇంకు మడతతో పాటు అరిగి ఉంటుంది. కొత్తగా వేసింది మడత గాడిలోకి దిగి ఉంటుంది.

చిన్న నోట్ల కాగితంలో ఎర్ర, నీలి దారపు పోగులు ఉంటాయి. సూది మొనతో తాకితే అవి కాగితంలో భాగమో, పైన గీసినవో తెలుస్తుంది. గట్టిగా గుచ్చకండి, తాకితే చాలు.

యూవీ టార్చి వేయండి, చీకట్లో. పాత గుడ్డ కాగితం వెలగకుండా మసకగా, మట్టిరంగులో ఉండిపోతుంది. నోటు మొత్తం తెల్లగా వెలిగితే అది కొత్త కాగితం. ఒక మూలో, ఒక చారో మాత్రమే వెలిగితే అక్కడ చిరుగు అతికించారు.

పెద్ద నోట్ల సంతకాలు చూడండి. కలంతో చేసినవి, రబ్బరు స్టాంపువి, చెక్కినవి మూడు రకాలూ ఉన్నాయి. కలం సంతకాలు వెలిసిపోవడం సహజం. నోటు అంతా అరిగిపోయి సంతకం మాత్రం నిన్న చేసినట్టు నల్లగా మెరుస్తుంటే ఎవరో తిరగ రాశారు. అసలు సంతకం పూర్తిగా మాయమైనా నష్టం కొంతే. తిరగ రాస్తే నష్టం ఎక్కువ.

ఆఖరున చెవి, ముక్కు. అంచు పట్టుకుని నెమ్మదిగా కదిపితే పాత కాగితం శబ్దం ఇస్తుంది. కడిగి ఇస్త్రీ చేసిన నోటు మెత్తగా, చప్పుడు లేకుండా ఉంటుంది. బ్లీచ్ వాసన వస్తే వెనక్కి పంపేయండి.

8. దాచడం

లామినేషన్ చేయించకండి. మన ఇళ్లలో సర్టిఫికెట్ల మీద ప్రేమతో మొదలైన అలవాటు ఇది, నోటుకు మాత్రం మరణశిక్ష. సెల్లోటేపు, ఇస్త్రీ, సబ్బు నీళ్లు, రబ్బరు, ఏదీ వద్దు. మురికి అలాగే ఉండనివ్వండి.

మెత్తగా, సాగే ప్లాస్టిక్ కవర్లలో పీవీసీ ఉంటుంది. కొన్నేళ్లకు జిగురు వదిలి నోటుకు అంటుకుంటుంది. మైలార్ అంటే స్వచ్ఛమైన పాలియెస్టర్, కొంచెం గట్టిగా, అద్దంలా ఉంటుంది. ఫ్రేమ్ కట్టించి గోడకు తగిలించాలనిపిస్తే మంచి ఫొటో తీసి దాన్ని కట్టించండి, వెలుతురుకు గోధుమరంగు, ఎరుపు వెలిసిపోతాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న చోట బ్యాంకు లాకర్లో పెట్టేవాళ్లు సిలికా జెల్ పొట్లాలు వేసి, లాకర్ తెరిచినప్పుడల్లా మార్చండి. ఒకసారి వేసి మరిచిపోతే అవి పనిచేయడం మానేస్తాయి.

9. లెక్క రాయండి

ప్రతి నోటుకు చార్టర్ నంబర్, బ్యాంకు పూర్తి పేరు, ఊరు, రాష్ట్రం, సిరీస్, టైపు, సీరియల్ నంబర్, సంతకాల పేర్లు, ఎవరి దగ్గర, ఎంతకు, ఎప్పుడు కొన్నారు అన్నది రాయండి. రెండువైపులా స్కాన్ చేయండి, 600 డీపీఐ చాలు. సీరియల్ నంబర్ సెన్సస్‌లో లేకపోతే స్కాన్ పంపితే చేర్చుకుంటారు. రేపు నోటు పోయినా, ఎవరైనా దొంగిలించినా, ఆ స్కానే సాక్ష్యం. రసీదు, వేలం పేజీ ప్రింటు కూడా ఉంచండి, కానీ నోటు ఉన్న కవరులోనే పెట్టకండి. మామూలు కాగితంలోని ఆమ్లం పక్కనున్న నోటును పచ్చబరుస్తుంది. విడి కవరులో, విడి ఫైలులో పెట్టుకోండి.